పండుగ మర్నాటి కూర

2025లో దసరా అక్టోబర్ 2న పడింది. అదే రోజు గాంధీ జయంతి. మాంసం దుకాణాలు మూసి ఉండే రోజూ, తెలంగాణలో యాట (మేక, గొర్రె) కూర లేకుండా పొయ్యి వెలగని రోజూ ఒకటైపోయాయి. కావలసినవాళ్లు ముందురోజే తెచ్చుకుని దాచుకోవాల్సి వచ్చింది. ఏటా పండుగ తర్వాత ఎదురయ్యే ప్రశ్న ఆ ఏడు పండుగకు ముందే ఎదురైంది: మాంసం ఎంతసేపు ఆగుతుంది?

మామూలుగా అయితే ఈ ప్రశ్న దసరా రాత్రి భోజనాలయ్యాక వస్తుంది. సద్దుల బతుకమ్మ ముగిసిన మూడోనాడు వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో పొద్దున్నే కొన్ని ఇళ్లు కలిసి పొత్తుల యాటను కోసి పోగులు వేసుకుంటారు. మధ్యాహ్నానికి ఒక పొయ్యి మీద పులుసు కూర, ఇంకో పొయ్యి మీద గోలించిన ముక్కలు, పక్కన బగారా అన్నం సిద్ధమవుతాయి. సాయంత్రం జమ్మి ఆకు పంచుకుని, పెద్దలకు మొక్కి, మళ్లీ భోజనాలు. ఎవరికీ తక్కువ కాకూడదని వండిన ఇల్లు కాబట్టి అంతా తిన్నాక కూడా గిన్నె అడుగున చాలానే ఉంటుంది. దాన్ని పారబోయడానికి మనసొప్పదు, అలా ఒప్పకపోవడం న్యాయమే. ఒక జంతువు ప్రాణం, ఒక కాపరి ఏళ్ల శ్రమ, ఇంటి ఆడవాళ్ల పూటంతా కష్టం అందులో ఉన్నాయి.

మిగిలిన మాంసాన్ని మర్నాడు రుచిగా, భద్రంగా తినడానికి మన వంటిళ్లలో మంచి దారులు చాలా ఉన్నాయి. ఎండబెట్టడం, మరగబెట్టడం, పులుపులో వేయడం, పప్పులో కలపడం, పీచులుగా చీల్చి రొట్టెలో పెట్టుకోవడం, ఇలా ప్రతి దారి వెనుకా ఒక శాస్త్రముంది. ఆ శాస్త్రం తెలిస్తే ఏ దారి ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుస్తుంది. వీటన్నిటి వెనుక ఒకే నియమం ఉంది: మిగిలిన మాంసం భవిష్యత్తు మర్నాటి పొయ్యి మీద తేలేది కాదు, పొయ్యి దింపిన మొదటి రెండు గంటల్లో తేలిపోతుంది.

వేడికి ముక్కలో జరిగేది

పచ్చి మాంసంలో సుమారు ముప్పావు వంతు నీరే. అయిదో వంతు ప్రొటీన్లు, మిగిలింది కొవ్వు, లవణాలు. ఆ నీరు కండపోగుల్లోని సన్నని ప్రొటీన్ దారాల మధ్య చిక్కుకుని ఉంటుంది. వేడి 50 డిగ్రీల సెల్సియస్ చేరేసరికి మయోసిన్ అనే ప్రొటీన్ గడ్డకట్టడం మొదలుపెడుతుంది. 60 దాటాక కండను చుట్టి ఉండే కొల్లాజెన్ పొరలు ముడుచుకుని లోపలి నీటిని బయటికి నెడతాయి. 70 దాటేసరికి యాక్టిన్ కూడా బిగుసుకుంటుంది. గోలించిన ముక్క పచ్చి ముక్క కంటే చిన్నదై, గట్టిపడి కనిపించడానికి కారణం ఇదే. ఒకసారి పోయిన ఈ నీరు తిరిగి ముక్కలోకి రాదు. మర్నాడు వేడి చేసే పద్ధతి ఎంచుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొల్లాజెన్‌కు మరో గుణం ఉంది. 70 డిగ్రీలకు పైన చాలాసేపు తడిలో ఉడికితే అది కరిగి జెలటిన్‌గా మారుతుంది. ముదురు యాట తొడ, మెడ, కాళ్లు సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికాక మెత్తబడేది దీనివల్లే. పొద్దున చూస్తే పులుసు పేరుకుని వణుకుతున్నట్టు ఉండేదీ దీనివల్లే. పైన తెల్లగా గట్టిపడిన పొర మాత్రం కొవ్వు. మేక, గొర్రె కొవ్వు 40 డిగ్రీలు దాటాకే పూర్తిగా కరుగుతుంది. మన నోటి వేడి 37 డిగ్రీలే కాబట్టి చల్లటి యాట కూర తింటే అంగిలికి మైనం అంటుకున్నట్టు ఉంటుంది. కూర పాడైందని దాని అర్థం కాదు, ఇంకా వేడెక్కలేదని మాత్రమే.

గోలించినప్పుడు ముక్క పైభాగంలో నీరంతా ఆవిరైపోతుంది, అక్కడి వేడి 140 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి వందలాది కొత్త పదార్థాలుగా మారతాయి. ఎర్రటి రంగు, ఆ కమ్మటి వాసన అలా పుడతాయి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో ఈ చర్యను వివరించాడు, అది ఆయన పేరుతోనే నిలిచింది. ఈ ఎర్రటి పొర రుచికి మాత్రమే కాక నిల్వకు కూడా పనికొస్తుంది. ఎలాగో ముందుముందు చూద్దాం.

మొదటి రెండు గంటలు

ఇంతగా కాలి, ఉడికిన మాంసంలో ఇంకా సూక్ష్మజీవులు ఉంటాయా? ఉంటాయి. మామూలు బాక్టీరియా మరిగే వేడికి చచ్చిపోతాయి. కొన్ని జాతులు మాత్రం కష్టకాలంలో గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజాలుగా మారతాయి. ఎండాకాలమంతా మట్టిలో పడి ఉండి తొలకరికి మొలిచే గరిక గింజల్లా ఇవి మరిగే కూరలో బతికి, కూర గోరువెచ్చన కాగానే మొలుస్తాయి.

మాంసం కూరల విషయంలో వీటిలో ముఖ్యమైనది క్లాస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్. దానికి ఆక్సిజన్ అక్కర్లేదు. పెద్ద గిన్నెలో చిక్కటి కూర మధ్యభాగం దానికి సరైన చోటు. 43 నుంచి 47 డిగ్రీల మధ్య అది పది నిమిషాల్లోపే రెట్టింపు కాగలదు. పది నిమిషాలకోసారి అనే లెక్క వేసుకున్నా ఒక్క కణం రెండు గంటల్లో నాలుగు వేలు దాటుతుంది. అలా పెరిగిన కూర తింటే సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. పెళ్లిళ్లకూ జాతరలకూ ముందురోజు రాత్రే డేగిశాల్లో వండి పెట్టడంలో ఉన్న ప్రమాదం ఇదే.

రెండోది స్టాఫిలోకాకస్ ఆరియస్. ఇది మన ముక్కులో, చర్మం మీద, గోటి చుట్టూ ఉండే పుళ్లలో ఉంటుంది. వండాక చేత్తో ముక్కలు విడదీసినప్పుడో, తిన్న చేత్తో గరిటె పట్టినప్పుడో కూరలోకి చేరుతుంది. మూడోది బాసిల్లస్ సీరియస్, అన్నంలో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి మిగిలిన బగారా అన్నానికీ బిర్యానీకీ దీని భయం ఉంది. ఈ రెండింటితో వచ్చే చిక్కు ఒకటి: అవి కూరలో పెరిగేటప్పుడు విషాన్ని వదులుతాయి. మళ్లీ మరగబెడితే బాక్టీరియా చస్తుంది, విషం చావదు. స్టాఫిలోకాకస్ విషం మరిగే నీటి వేడిని తట్టుకుంటుంది. వాంతులు తెప్పించే బాసిల్లస్ విషం కుక్కర్ వేడికి కూడా లొంగదు. రాత్రంతా బయట ఉన్న కూరను పొద్దున బాగా మరిగించాం కాబట్టి ఏం కాదనే నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన అయిదు ఆహార భద్రతా సూత్రాల్లో కాలానికీ వేడికీ అంత చోటిచ్చింది. వండిన పదార్థం గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన ఉండాలి, దాచేది 5 డిగ్రీల లోపు ఉండాలి. ఆ మధ్యలోని వేడంతా సూక్ష్మజీవులకు అనుకూలం. వరంగల్‌లో దసరా నాటి పగటి వేడి 30 డిగ్రీలకు పైనే ఉంటుంది, మే నెలలో 40 దాటుతుంది. చలి దేశాల్లో రెండు గంటలు సరిపోతే మన ఎండాకాలంలో గంట అనుకోవడం క్షేమం.

ఇక్కడ గిన్నె లోతు మాట చెప్పాలి. చిక్కటి కూరలో వేడి మధ్య నుంచి అంచుకు నెమ్మదిగా పాకుతుంది. దానికి పట్టే కాలం మందం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 12 సెంటీమీటర్ల లోతున్న కూరను 4 సెంటీమీటర్లకు పరిస్తే చల్లారే సమయం దాదాపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి భోజనాలవగానే మిగిలిన కూరను వెడల్పాటి పళ్లేల్లోకో బేసిన్లలోకో పలుచగా పోసి ఫ్యాను కింద పెట్టాలి. అరగంటలో ఆవిరి తగ్గుతుంది. అప్పుడు చిన్న స్టీలు డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగనక్కర్లేదు. గిన్నె మొత్తాన్ని వేడివేడిగా ఫ్రిజ్‌లో తోస్తే మాత్రం దాని మధ్యభాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, పక్కనున్న పాలూ పెరుగూ కూడా వేడెక్కుతాయి.

ఒక పూటకు సరిపడా ఒక డబ్బా అని విడగొట్టుకుంటే ఇంకో లాభం ఉంది. కావలసిన డబ్బానే తీసి వేడి చేస్తాం, మిగతావి చల్లగానే ఉంటాయి. గిన్నెడు కూరను రోజుకు రెండుసార్లు తీసి, వేడి చేసి, మళ్లీ చల్లార్చితే ప్రతిసారీ ఆ ప్రమాదకరమైన వేడిమెట్లన్నీ దిగివస్తుంది. ఈ జాగ్రత్తతో దాచిన మాంసం ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు మూడు నెలలు ఆగుతుంది. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటలదాకా చల్లదనాన్ని నిలుపుకుంటుంది. గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు, జబ్బుపడి లేచినవాళ్లకు మాత్రం ఒకరోజు దాటిన కూర పెట్టకపోవడం మంచిది. ఫ్రిజ్ చలిలోనూ మెల్లగా పెరిగే లిస్టీరియా లాంటి బాక్టీరియా ఉన్నాయి.

పొద్దుమాపు మరగబెట్టడం

ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మన పెద్దవాళ్లు ఏం చేసేవారు? కూరను రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి, మళ్లీ మాపటికి ఒకసారి బాగా మరగబెట్టి మూతపెట్టేవారు. మరిగించాక గరిటె పెట్టనిచ్చేవారు కాదు. ఈ అలవాటుకు దగ్గరి చుట్టం 19వ శతాబ్దపు లండన్ ప్రయోగశాలలో కనిపిస్తుంది.

రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పనిచేసిన జాన్ టిండాల్ కూరగాయల, మాంసాల రసాలను అయిదు నిమిషాలు మరిగించి మూసి ఉంచితే అవి చెడకుండా ఉండేవి. కొంతకాలానికి హఠాత్తుగా ప్రయోగాలన్నీ విఫలమవసాగాయి. గంటల తరబడి మరిగించినా రసాలు చెడుతున్నాయి. కారణం ప్రయోగశాలకు తెచ్చిన పాత ఎండుగడ్డి అని ఆయన గుర్తించాడు. ఆ గడ్డి దుమ్ములో వేడికి చావని బీజాలున్నాయి. అదే కాలంలో, 1876లో, జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ బాక్టీరియా సిద్ధబీజాలను సూక్ష్మదర్శినిలో చూసి వివరించాడు. 1877లో టిండాల్ ఒక ఉపాయం చెప్పాడు. ఒక్కసారే ఎక్కువసేపు మరిగించే బదులు, కొద్దిసేపు మరిగించి, వ్యవధి ఇచ్చి, మళ్లీ మరిగించాలి. వ్యవధిలో బీజాలు మొలకెత్తుతాయి. మొలిచిన బాక్టీరియాకు గట్టి పెంకు ఉండదు కాబట్టి తర్వాతి మరుగులో చస్తుంది. ఇలా మూడుసార్లు చేస్తే రసం పూర్తిగా శుద్ధమవుతుంది.

మన పెద్దల పొద్దుమాపు మరుగు ఈ సూత్రానికి దగ్గరగానే నడిచింది. అయితే రెండు తేడాలున్నాయి. టిండాల్ సీసా మూసే ఉండేది, మన గిన్నె మూత వడ్డనకు తెరుచుకుంటుంది, ప్రతిసారీ గాలి నుంచీ చేతి నుంచీ కొత్త బాక్టీరియా దిగుతుంది. ఇక రెండు మరుగుల మధ్య పన్నెండు గంటల ఎడం 30 డిగ్రీల వేడిలో చాలా ఎక్కువ. ఆ సమయంలో విషం తయారైతే తర్వాతి మరుగు దాన్ని తీసేయలేదు. కాబట్టి ఫ్రిజ్ లేనిచోట ఒక రాత్రి గడపడానికి ఈ పద్ధతి ఆసరా, రోజుల తరబడి నిల్వకు దారి కాదు. మరిగించేటప్పుడు అంచులు బుడబుడలాడితే చాలదు, మధ్యలో కూడా కుతకుతలాడుతూ కొన్ని నిమిషాలు మరగాలి.

ఒట్టి తునకలు

మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది, ఒకప్పుడు వరంగల్ జిల్లాలోదే. రెండేళ్లకోసారి మాఘ మాసంలో నాలుగు రోజులు సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. అమ్మవార్లకు బెల్లం, మొక్కుగా కోళ్లూ యాటలూ సమర్పించి, జంపన్న వాగు చుట్టుపక్కల గుడారాలు వేసుకుని అక్కడే వండుకుని తింటారు. అంత మాంసం ఒక్కనాడు తినేది కాదు. ఎండబెట్టి తునకలు చేసుకోవడం తెలంగాణ పల్లెలకు బాగా తెలిసిన దారి.

కొవ్వు తీసేసిన కండను వేలి మందంలో పొడుగు పేగుల్లా కోస్తారు. ఉప్పు, పసుపు, కొందరు అల్లం ఎల్లిపాయ ముద్ద కూడా పట్టించి దండేనికి వేలాడదీస్తారు. మూడు నాలుగు మంచి ఎండలు తగిలాక అవి గట్టిపడి, విరిస్తే విరిగేలా తయారవుతాయి. కిలో మాంసం మూడోవంతు బరువుకు తగ్గుతుంది. వీటిని నెలల తరబడి దాచి, నానబెట్టి, దోసకాయతోనో చింతచిగురుతోనో వండుకుంటారు. నిప్పుల మీద కాల్చి, దంచి, ఉల్లిగడ్డతో గోలించినా రుచే.

సూక్ష్మజీవి పెరగాలంటే నీరు కావాలి. ఉన్న నీరు ఎంత అన్నదాని కంటే దానికి అందే నీరెంత అన్నది ముఖ్యం. ఉప్పు కరిగిన నీరు ఉప్పుకే కట్టుబడి ఉంటుంది, బాక్టీరియాకు అందదు. ఈ అందుబాటును కొలిచే కొలమానాన్ని నీటి క్రియాశీలత అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన డబ్ల్యు. జె. స్కాట్ 1953లో స్టాఫిలోకాకస్ మీద చేసిన ప్రయోగాలతో దీనికి ఆహార శాస్త్రంలో పునాది వేశాడు. స్వచ్ఛమైన నీటికి ఈ విలువ 1, పచ్చి మాంసానికి 0.99. 0.91 కంటే దిగితే చాలా బాక్టీరియా ఆగిపోతుంది. మొండిదైన స్టాఫిలోకాకస్ 0.86 దగ్గర ఆగుతుంది. బూజు 0.7 దాకా లాక్కొస్తుంది. 0.6 కంటే తగ్గితే ఏదీ పెరగదు. ఉప్పు, ఎండ కలిసి మాంసాన్ని ఈ మెట్ల మీదుగా కిందికి దించుతాయి. ఉప్పు తొలి గంటల్లోనే పైపొరను కాపాడుతుంది, ఎండా గాలీ తర్వాతి పని ముగిస్తాయి.

మాఘంలో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, జాతర తర్వాత తునకలు తొందరగా ఎండుతాయి. దసరాకు వానాకాలపు తేమ ఇంకా పోదు. ముక్క పైన ఎండినట్టు కనిపించి లోపల తడి మిగిలిపోతుంది, అది కుళ్లుకు దారి. దసరా మాంసాన్ని ఎండబెట్టదలిస్తే ఇంకా పలుచగా కోయాలి, సాయంత్రం కాగానే లోపలికి తెచ్చి పొయ్యి సెగ మీద వేలాడదీయాలి, మబ్బు పట్టితే ఆ ఆలోచన మానుకుని ఫ్రీజర్‌ను ఆశ్రయించాలి. ఎండబెట్టడం బాక్టీరియాను నిద్రపుచ్చుతుందే తప్ప పూర్తిగా చంపదు కాబట్టి తునకలను తినేముందు బాగా ఉడికించి తీరాలి.

ఎండబెట్టాల్సింది పచ్చి కండనే, మసాలా నూనెలో గోలించి మిగిలిన ముక్కను కాదు. నూనె పొర తేమను బయటికి పోనివ్వదు, పైగా ఎండకు ముక్కిపోతుంది. అంటే పోగు ఇంటికి రాగానే ఎంత వండాలి, ఎంత ఎండబెట్టాలి అని పొద్దున్నే లెక్క వేసుకోవాలి. రాత్రి మిగిలాక ఆలోచిస్తే ఈ దారి మూసుకుపోయినట్టే.

ఆ కవుచు వాసన ఎక్కడిది

సరిగ్గా దాచినా రెండో రోజు వేడి చేసిన మాంసంలో ఒక కవుచు వాసన వస్తుంది. పాత నూనె వాసన, తడి అట్టపెట్టె వాసన కలిసినట్టు ఉంటుంది. కూర చెడలేదు, కానీ తినబుద్ధి కాదు. 1958లో అమెరికాలో టిమ్స్, వాట్స్ అనే పరిశోధకులు వండి దాచిన మాంసంలో ఈ మార్పును ప్రత్యేకంగా గుర్తించి పేరు పెట్టారు. దీని వెనుక ఉన్నది సూక్ష్మజీవులు కాదు, ఆక్సిజన్.

వండినప్పుడు కణాల పొరలు చిట్లి, వాటిలోని సున్నితమైన కొవ్వులు బయటపడతాయి. మాంసానికి ఎర్ర రంగునిచ్చే మయోగ్లోబిన్ విడిపోయి దానిలోని ఇనుము విడుదలవుతుంది. ఆ ఇనుము ఆక్సిజన్‌కూ కొవ్వుకూ మధ్య చర్యను ఉరికిస్తుంది. హెక్సనల్ లాంటి పదార్థాలు తయారై వాసనగా ముక్కును తాకుతాయి. కోడి కొవ్వులో ఇలా మారగల రకాలు ఎక్కువ. అందుకే హోటల్ నుంచి తెచ్చి దాచిన తందూరి కోడి యాట కూర కంటే ముందే వాసనకొస్తుంది.

మన వంటలో దీనికి విరుగుళ్లు ముందే ఉన్నాయి. లవంగంలోని యూజినాల్, పసుపులోని కర్క్యుమిన్, అల్లం, ఎల్లిపాయ, కరివేపాకు ఆక్సిజన్ చర్యకు అడ్డుపడే గుణం ఉన్నవి. మయార్ చర్యలో పుట్టిన ఎర్రటి పొరకూ ఆ గుణం కొంత ఉంది. దోరగా గోలించిన ముక్క నీళ్లలో ఉడికించిన ముక్క కంటే రుచి నిలుపుకోవడానికి కారణం అదే. అయితే మనం కూరలో వేసే మోతాదులో మసాలా ఆ కవుచు వాసనను ఆపుతుంది కానీ బాక్టీరియాను ఆపలేదు. ఘాటుగా వండాం కాబట్టి బయట పెట్టినా ఆగుతుందన్న మాట నిజం కాదు. దాచేటప్పుడు ముక్క గ్రేవీలో మునిగి ఉండాలి, డబ్బా అంచుదాకా నిండాలి, మూత బిగుతుగా ఉండాలి. పొడి ముక్కలైతే గాలి చొరబడకుండా ఒత్తి చుట్టాలి.

ముక్కకు మరో వంట

ఇప్పుడు మర్నాటి పొయ్యి దగ్గరికి వద్దాం. మనకు తెలిసినవి మూడు: ముక్క ఇప్పటికే నీరు కోల్పోయింది, కొవ్వు పేరుకుంది, వాసన మొదలయ్యే అవకాశం ఉంది. మంచి మర్నాటి వంటకం ఈ మూడింటికీ జవాబు చెప్పాలి. మధ్యభాగం 70 డిగ్రీలు దాటేలా వేడి చేయాలి. థర్మామీటర్ లేకపోతే ముక్కను విరిచి చూడాలి, లోపలి నుంచి ఆవిరి రావాలి.

గోలించిన ముక్కలను నేరుగా నూనెలో మళ్లీ వేపితే మిగిలిన తడి కూడా పోయి రబ్బరులా అవుతాయి. పెనం మీద రెండు చెంచాల నీళ్లు చల్లి, మూతపెట్టి, సన్నటి సెగ మీద ఆవిరితో లోపలిదాకా వేడి చేయాలి. తర్వాత మూత తీసి, మంట పెంచి, ఒక నిమిషం కరివేపాకుతో ఎగరేస్తే పైపొర మళ్లీ కరకరలాడుతుంది. తడి ముందు, పొడి తర్వాత.

ఎముకలున్న ముక్కలకు దాల్చా సరిగ్గా సరిపోతుంది. శనగపప్పును పసుపుతో మెత్తగా ఉడికించి, సొరకాయ ముక్కలు వేసి, అవి మగ్గాక మిగిలిన ఎముకల ముక్కలు, కొంచెం చింతపులుసు, పుదీనా వేసి పది నిమిషాలు మరగనివ్వాలి. పులుపును పప్పు ఉడికాకే వేయాలి. పులుపు పప్పు కణాల గోడల్లోని పెక్టిన్‌ను కరగనివ్వదు, ముందే పడితే పప్పు బిరుసుగా ఉండిపోతుంది. ఎముకల దగ్గర మిగిలిన కొల్లాజెన్ జెలటిన్‌గా మారి, పప్పు పిండితో కలిసి చిక్కదనం ఇస్తుంది. నలుగురికి చాలని కూర పదిమందికి చాలుతుంది.

పుంటికూర, చింతచిగురు మరో దారి. ఆకును ఉల్లిగడ్డ, పచ్చిమిరపతో విడిగా మగ్గబెట్టి, మెత్తబడ్డాక ముక్కలు వేసి కలపాలి. కొవ్వు వల్ల మొహం మొత్తడాన్ని పులుపు తగ్గిస్తుంది, తాజా ఆకు వాసన పాత వాసనను కప్పుతుంది. మెంతికూర చేదు కూడా ఇలాగే సాయం చేస్తుంది.

ఎముక లేని ముక్కలను కండపోగులకు అడ్డంగా సన్నగా తరిగితే గట్టి మాంసం కూడా నోట్లో మెత్తగా తోస్తుంది, పొడుగాటి దారాలు తెగిపోతాయి కాబట్టి. ఈ తరుగును ఉల్లిగడ్డ, పచ్చిమిరపతో వేయించి, రెండు గుడ్లు కొట్టిపోసి కలిపి, జొన్న రొట్టెలో చుట్టి పెడితే పిల్లలు మారు మాట్లాడకుండా తింటారు. ఉడికించిన శనగపప్పుతో కలిపి రుబ్బి, షామీ కబాబుల్లా తట్టి పెనం మీద కాల్చుకోవచ్చు. మాంసం పోగొట్టుకున్న తడిని ఇక్కడ పప్పు పట్టి ఉంచుతుంది. మిగిలిన బగారా అన్నంతో కలపాలంటే ఆ అన్నం కూడా రాత్రే ఫ్రిజ్‌లో చేరి ఉండాలి. గది వేడిలో రాత్రంతా ఉన్న అన్నాన్ని ఎంత బాగా వేయించినా అది భద్రం కాదు.

ఏం చేసినా ఆ పూటకే చేయాలి. రెండోసారి వండినదాన్ని మళ్లీ దాచి మూడోసారి తీయకూడదు.

పంచడం కూడా ఒక నిల్వ పద్ధతే

ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో నూటికి అరవై వంతులు ఇళ్లలోంచే వెళ్లింది. హోటళ్లనో ఫంక్షన్ హాళ్లనో తప్పుపట్టి ఊరుకోవడానికి వీల్లేని లెక్క ఇది. మాంసం వృథా అయితే నష్టం మరీ ఎక్కువ, ఆ జంతువు తిన్న మేత, తాగిన నీరు, కాపరి నడిచిన దూరం అన్నీ దానితో పోతాయి.

అలాగని రాత్రంతా బయట ఉన్న గిన్నెను పారేయడానికి మనసొప్పక తినడం పొదుపు కాదు. ఒక ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి పరుగెత్తితే అయ్యే ఖర్చు ముందు కిలో మాంసం ధర ఎంత? వాసన బాగుంది కదా అని కూడా నమ్మకూడదు. జబ్బు తెప్పించే బాక్టీరియా చాలాసార్లు వాసనా రంగూ మార్చదు. సమయం దాటితే పారేయాల్సిందే. వృథాను ఆపే చోటు అంతకు ముందే ఉంది.

పొత్తుల యాటను కోసి పోగులు వేసే పద్ధతిలో పాత వివేకం ఉంది. ఫ్రిజ్ లేని ఊరికి ఒక యాట మాంసం ఒక్క ఇంట్లో నిల్వ ఉండదు, పది ఇళ్లలో ఒక్క పూటలో ఖర్చవుతుంది. పచ్చి మాంసానికి పనిచేసిన ఆ పద్ధతి వండిన కూరకూ పనిచేస్తుంది. భోజనాలు మొదలయ్యేటప్పుడే ఎంత మిగులుతుందో ఇంట్లో వండినవాళ్లకు తెలుస్తుంది. వేడివేడిగా ఉన్నప్పుడే ఒక గిన్నెడు పక్కింటికీ, మరో గిన్నెడు పండుగ పూట పనికొచ్చిన మనిషి ఇంటికీ పంపాలి. మనం తినే సమయానికే వాళ్లకు అందాలి. రెండో రోజు మనకు తినబుద్ధి కానిదాన్ని పనిమనిషి డబ్బాలో పెట్టడం దానమూ కాదు, క్షేమమూ కాదు. మొదటి రెండు గంటల్లో పంచాల్సింది పంచి, మిగిలింది పలుచగా పరిచి చల్లార్చి, పూటకో డబ్బాగా విడగొట్టి పెడితే పండుగ కూర మూడు రోజులు మూడు రకాలుగా అందుతుంది.